ముల్లు కదిలినంత

యయాగ్వాలో గాలికి కరువు.
నాలుగువేల మీటర్ల ఎత్తున
నీళ్ళు సరిగా కాగకముందే మరిగిపోతాయి.
మా ఎర్ర వోల్వో ఆరు నెలలుగా
మిట్ట ఎక్కేటప్పుడల్లా నల్లగా దగ్గుతోంది.
ముసలిదైంది, దమ్ము లేదు, అమ్మెయ్ అన్నారు.
పాత సామాన్ల సంతలో
నేనొక బూస్ట్ గేజ్ కొన్నాను,
అరచేతిలో ఇమిడేది, గాజు మీద చిన్న గీత.

ఆదివారం క్యాబిన్ ముందుకు వంచి
మానిఫోల్డ్ నుంచి పంపుకు పోయే సన్నగొట్టాన్ని
బ్లేడుతో తెగ్గోశాను.
మధ్యలో ఇత్తడి టీ-ముక్క.
దాని మూడో నోటికి సిలికాన్ ట్యూబు,
కాలే టర్బోకి ఎడంగా తిప్పి,
నేల చిల్లుకి రబ్బరు చుట్టు తొడిగి పైకి లాగాను.
లైటు కోసం డాష్‌బోర్డు బల్బు దగ్గర
ఒక తీగ అప్పు తీసుకున్నాను.

బిగించేముందు ట్యూబు నోట పెట్టి ఊదాను.
ముల్లు సున్నా విడిచి
ఒక్క గీత లేచింది.

"ఇటియ్యి" అన్నాడు నాన్న,
టైరు మీద కూర్చున్నవాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు తగరం తవ్వాడు.
గని పింఛను ఆలస్యంగా ఇచ్చింది,
దుమ్ము ముందే ఇచ్చింది.

ట్యూబు చివర చొక్కా అంచుతో తుడిచాడు.
బుగ్గలు పూరించాడు.
మెడ నరాలు మోకులయ్యాయి.
తమ్ముడు ఎడ్విల్ లేని స్పానర్ కోసం
అటు తిరిగి వెతుకుతున్నాడు.

"కదిలింది" అన్నాను.
"అబద్ధాలకోరు" అని నవ్వాడు.
నవ్వు దగ్గయింది.
అది ఆగేదాకా
ముగ్గురం గేజ్ వంకే చూస్తున్నాం.

మర్నాడు పన్నెండు టన్నుల సిమెంటు.
మొదటి మలుపులోనే ముల్లు
ఒకటి దాకా పోవాల్సింది
సగంలో ఆగిపోయింది.
"ముసలితనం కాదే ఇది,
ఎక్కడో కారుతోంది" అన్నాడు పక్కసీట్లోంచి.

ఆపాను. ఎడ్విల్ ఇంజను రేజ్ చేస్తుంటే
గొట్టాల వెంట అరచెయ్యి జరుపుకుంటూ పోయాను.
ఇంటర్‌కూలర్ కింద, క్లిప్పు చాటున,
నూనె చెమట పట్టిన వేలెడు చీలిక
నా చేతి మీద ఊదింది.
చీలినంత మేర కోసేసి,
మిగిలిన గొట్టం లాగి,
కొత్త క్లిప్పు బిగించాను.

తర్వాత పొగ లేదు.
ముల్లు ఒకటిని తాకినప్పుడల్లా
నాన్న మోకాలి మీద తట్టుకుంటున్నాడు,
ఎవరో బాకీ తీరుస్తుంటే లెక్కపెట్టుకుంటున్నట్టు.
చాలాసేపటికి, కిటికీతో చెప్పినట్టు,
"నాదీ క్లిప్పే అయ్యుంటే బావుండు" అన్నాడు.

నేను మూడో గేరులోకి దించాను.
ముల్లు సున్నాకి పడి,
మళ్ళీ లేచింది.