ఏడో పక్కటెముక

పెట్టె తెరిచేసరికి వాన మొదలైంది.
తాళ్ళరేవు సెంటర్లో నా జిరాక్స్ కొట్టు,
పొద్దున్నించీ నాలుగు ఆధార్ కార్డులు తప్ప బేరం లేదు.
విమానం ప్లాను బల్ల మీద పరిచి
ముందుగా దానికో నకలు తీశాను,
ఎనిమిది ముక్కలుగా.
అలవాటు. ఏ కాగితమైనా
ఒంటరిగా ఉంటే నాకు నిద్రపట్టదు.

బాల్సా పలక చేతిలోకి తీసుకుంటే
ఏమీ తీసుకున్నట్టు లేదు.
పక్క సందులో పడవలు కట్టే ఏలియా మామ
టీ గ్లాసుతో వచ్చి
ఒక పలకను అరచేతిలో ఊపి చూసి
"ఇదేం కర్రమ్మా, కర్రకొచ్చిన కలలాగుంది" అన్నాడు.
నలభై ఏళ్ళు టేకూ తుమ్మా మోసిన భుజం.
ఇంత తేలికను నమ్మడానికి
దానికి రెండు రోజులు పట్టింది.

రాత్రిళ్ళు షట్టరు సగం దించి
గుండుసూదులు గుచ్చి ప్లాను మీద ఎముకలు పేర్చాను.
అయిదు, ఆరు, ఎనిమిది.
ఏడోది లేదు.
పెట్టె దులిపాను. మెషీను కింద వెతికాను.
కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు.

మామ ఏమీ అనలేదు.
మర్నాడు లుంగీ మోకాళ్ళదాకా తడుపుకుని వచ్చాడు,
చేతిలో జీలుగు బెండు.
పెళ్ళికూతురి నుదుట బాసికమై మెరిసేదీ
గేలం దారానికి ఊగేదీ అదే.
ఆరో ఎముకను అచ్చుగా పెట్టి బ్లేడు నడుపుతుంటే
మామ వేళ్ళు కూడా ఊపిరి బిగబట్టాయి.
తెల్లగా వచ్చింది,
పెద్ద పళ్ళ మధ్య పాలపన్నులాగ.

మా గాలికి జిగురు ఆరదు.
రెక్క మీద బిగించిన కాగితం
రాత్రికి జారి, మధ్యాహ్నానికి మళ్ళీ బిగుస్తుంది.
రిమోటు మీద పుల్ల కదిపితే
కొట్లో ఆ మూలనున్న తోక కిర్రుమని ఊగింది.
రెంటికీ మధ్య ఏమీ లేదు.
మామ లేచి ఆ ఖాళీలో చెయ్యి పెట్టి
తడిమి చూశాడు.

రెండు చూపుడువేళ్ళ మీద నిలబెడితే
తోక కిందికి వాలింది.
ముక్కులో బరువు పెట్టమని ప్లానులో ఉంది,
ఏం పెట్టాలో లేదు.
వలకి కట్టే సీసం గుళ్ళు నాలుగు పెట్టాం.
మునగడమే పనిగా పుట్టినవి
ఎగరడానికి బయల్దేరాయి.

మాఘంలో రొయ్యల చెరువు ఎండగట్టిన పూట
నెర్రెల నేల మీదికి మోసుకెళ్ళాం.
చెరువు గలాయన గట్టు మీద కుర్చీ వేయించుకున్నాడు
వేలంపాటకి వచ్చినట్టు.
నీటికాకుల్ని తోలే కుర్రాడు
అలవాటుగా వడిసెల ఎత్తి,
సిగ్గుపడి దించేశాడు.

వదిలాను. వెళ్ళింది.
ఇంతకంటే ఎలా చెప్పాలో తెలీదు.
ఎండ రెక్కలోంచి దూరినప్పుడు
ఎముకలన్నీ కనిపించాయి, ఏడోది కాస్త వెలుతురుగా.

తిరిగి నావైపు వస్తుంటే
ఎడమ కుడైంది.
"చుక్కాని లెక్కమ్మా!" అరిచాడు మామ,
"కర్ర అటంటే పడవ ఇటు!"
రిమోటు ఆయనకివ్వబోయాను.
చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
"నేనెక్కనిదాన్ని నడపలేనమ్మా."

నలభై సెకన్లో, యాభయ్యో.
మడ అడవి అంచున దిగింది
అనను. పడింది.

పాయలో నాటుపడవ వేసుకుని వెళ్ళి తెచ్చాం.
ముక్కు పగిలి, సీసం గుళ్ళు
తమ పని తమకు దొరికినట్టు
నీళ్ళలోకి జారిపోయాయి.
బాల్సా ఎముకలు అయిదు విరిగాయి.
బెండుది విరగలేదు,
నీళ్ళు తాగి కొంచెం ఉబ్బింది.
"గర్వం" అన్నాడు మామ, దాన్ని తుడుస్తూ.

ఆ రాత్రి ప్లాను నకలు మీద
ఏడో ఎముక పక్కన
పెన్సిలుతో "జీలుగు" అని రాశాను.

నిన్న కాకినాడ నుంచి పాలిటెక్నిక్ కుర్రాడొకడు వచ్చి
ఆ ప్లానుకి జిరాక్స్ అడిగాడు.
ఎనిమిది కాగితాలు, పదహారు రూపాయలు.
రబ్బరు చేతిలోనే ఉంది.
చెరపలేదు.