ఎర్త్ గుంత

మూడోసారి తెచ్చిండు రూబెన్ ఆ యాంప్లిఫయర్ని,
మెట్టుగూడ నుంచి కోఠి దాక
ఆటోల, ఒళ్లో పెట్టుకుని.
"ఇంట్ల గుర్రుమంటది అన్నా,
గిటార్ కంటే ముందు అదే పాట ఎత్తుకుంటది."

నా బల్ల మీద పెట్టి కరెంటిస్తే
కిక్కురుమనదు.
డాక్టరు ముందల కూసోంగనే
మాయమైన దగ్గు లెక్క.

వెనక మూత విప్పిన.
ప్లగ్గు పీకినంత మాత్రాన కరెంటు పోదు దీంట్ల,
కెపాసిటర్లు పాత పగల్ని దాచుకున్నట్టు దాచుకుంటయి.
రెసిస్టర్ ఆనిచ్చి దించాలె, మెల్లగ,
మీటర్ ముల్లు సున్నా మీద పండేదాక.
ఒక చెయ్యి జేబుల ఉండాలె.
మా ఉస్తాద్ ఖుద్దూస్ సాబ్ అట్లనే నేర్పిండు:
"ఒక చెయ్యి పనికి బేటా,
ఇంకోటి ఇంటికి పోయి అన్నం తినడానికి."

టంకం మా ఇంటి మాట.
పాట్ మార్కెట్ల మా నాయిన
ఊదుగొట్టంతోటి దీపాన్ని వంచి
ముక్కుపుడకలకు పెట్టిన మాట.
ఆయన బంగారాన్ని బంగారానికి అతికిండు,
నేను సీసాన్ని రాగికి.
మెరవని టంకాన్ని నమ్మకు అనేటోడు,
పట్టుకున్నట్టే ఉంటది, పట్టుకోదు.

ఐస్‌ఫ్రూట్ పుల్లతో ఒక్కొక్కటే తట్టుకుంట పోతే
మెరవనివి రెండు దొరికినయి.
దొంగ దొరికినంత సంబురం.
అతికిచ్చి, మూడు వందలు తీసుకున్న.
రాత్రి పదింటికి ఫోన్.
రూబెన్ ఏం మాట్లాడలే,
ఫోన్ తీస్కపోయి స్పీకర్ ముందర పెట్టిండు.

ఆదివారం పోయిన.
రైల్వే క్వార్టర్ల వెనక రేకుల ఇల్లు, మే నెల.
తీగెల మీద చెయ్యి పెడితే గుర్రు అణుగుతది,
తీస్తే లేస్తది.
"మైకు మూతికి తగిలితే చురుక్కుమంటదన్నా."
"మరి చర్చిల?"
"చర్చిల ఏం లేదు."
ఇనుప డొక్కకు టెస్టర్ ఆనిచ్చిన.
మినుకు మినుకుమన్నది.
రెండు నెలల సంది నేను విప్పుతున్నది
రోగం లేనిదాన్ని.

"మీ ఎర్త్ గుంత ఏడ?"
రూబెన్‌కు తెల్వదు.
వాళ్ల మేనత్త మార్తమ్మ పెరట్ల వేలు చూపించింది.
"ఆ బట్టల బండ పక్కనే. మా నాయిన తవ్విచ్చిండు.
ఉప్పు, బొగ్గు, ఉప్పు, బొగ్గు,
ఊరగాయ పెట్టినట్టు పొరలు పొరలు.
ముప్పై ఏండ్లు ఆ బండ మీదనే ఉతికిన,
సబ్బునీళ్లన్నీ అండ్లకే."
"మరిప్పుడు?"
ఆమె బాత్రూం దిక్కు చూసింది.
ఉగాదికి కొన్న వాషింగ్ మెషీన్,
మూత మీది స్టిక్కర్ ఇంకా తియ్యలే.

బండ చుట్టూ మట్టి నెర్రెలిచ్చింది.
పైపు నోట్ల సాలెగూడు.
ఒక బకెట్ పోసిన, చప్పుడు లేకుండ తాగింది.
రెండోది తాగింది.
మార్తమ్మ దొడ్డుప్పు పాకెట్ చింపుకుంట వచ్చి
"ఇంతైతే సాల్తదా" అన్నది,
కూరల వేసేదాని లెక్క.
నాలుగో బకెట్‌కు
లోపలినుంచి గుర్రు ఒక మెట్టు దిగింది.
ఆరోదానికి,
పక్కింటి కూలర్ వినబడ్డది.

రూబెన్ ఒక్క మీటు మీటిండు.
మూడో తీగె శ్రుతి తప్పి ఉన్నది,
అది నా పని కాదు.
"ఎంతియ్యాలె అన్నా?"
నీళ్లకు ఏం తీసుకుంటం.
పాత మూడు వందలు తిరిగియ్యాల్నా అని
బస్సుల కూసున్నంక ఆలోచించిన.
ఇయ్యలే.

సోమవారం దుకాణం తెరవంగనే
సోల్డరింగ్ ఐరన్ కూడ వేడిచెయ్యకముందు
నా ప్లగ్గు వెనక ఎర్త్ తీగె పట్టుకుని పోయిన.
బల్ల కిందికి, షట్టర్ పక్కకు,
గోడలకు పోయింది.
ఆడికెంచి ఏడికి పోయిందో
ఓనర్‌కు కూడ తెల్వదట.