పదమూడో చాప

నా నోటుపుస్తకంలో అన్నీ అంకెలే.
మంచు జారుడు మీంచి ఎవరెంత దూరం ఎగిరారు,
అంచు దగ్గర వేగమెంత,
దిగినప్పుడు ఏ కాలు ముందు.
ఇరవై రెండేళ్ళుగా పెన్సిల్‌తోనే రాస్తున్నాను.
ఈ స్లొవేనియా కొండల్లో జనవరికి
పెన్నులో సిరా గడ్డకడుతుంది.

అక్టోబరులో జ్దెంకా వచ్చింది మా క్లబ్బుకి,
పోస్టాఫీసులో రిటైరైన మనిషి,
చంకలో రబ్బరు చాపలు, పన్నెండు.
"వారానికి రెండు పొద్దులు పిల్లల్ని నాకివ్వు" అంది.
ఎగరాల్సిన వాళ్ళని పడుకోబెడతావా అని నవ్వాను.
నవ్వుతూ లేవబోతే
నా కుడి మోకాలు కిర్రుమంది.
విన్నది. ఏమీ అనలేదు.

స్కీలు ఆరబెట్టే గదిలో, మైనం వాసనలో
మొదటి రోజు గాష్పర్ వంగితే
వేళ్ళు మోకాళ్ళు దాటలేదు.
తొంభై మీటర్లు దూకేవాడికి
తన పాదం తనకే అందలేదు!
టీలెన్ శవాసనంలో గుర్రు పెట్టాడు.
మిగతావాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.
జ్దెంకా మాత్రం
ఉత్తరాలు పంచినంత ఓపికగా
ఒక్కొక్కరి దగ్గరా ఆగి
బిగిసిన భుజం మీద చెయ్యి వేసి చూసేది,
ఏ బరువు ఏ చిరునామాదో.

బ్రీనాకి పదిహేనేళ్ళు.
పోయిన మార్చిలో దిగుతూ పడింది.
ఎముక అతుక్కుంది. డాక్టరు సంతకం పెట్టాడు.
నేను తేదీ రాసుకున్నాను.
కానీ పైన బల్ల మీద కూర్చుంటే
పిల్లకి ఊపిరి గొంతు దాటి కిందికి దిగేది కాదు.
దానికి ఎక్స్‌రే లేదు.
నా పుస్తకంలో గడీ లేదు.

"నాలుగు లెక్కపెట్టి లోపలికి,
ఆరు లెక్కపెట్టి బయటికి" అనేది జ్దెంకా.
"ఇచ్చేదే ఎక్కువుండాలి. దాచుకుంటే బరువు."
ఒంటికాలి మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమనేది.
బ్రీనా చీలమండ సన్నగా వణికేది,
వంతెన మీద లారీ పోతున్నట్టు.
క్రిస్మస్ నాటికి లారీలు తగ్గాయి.

అద్భుతాలేమీ జరగలేదు, ఒట్టు.
గాష్పర్ వేళ్ళు చీలమండ దాకా వచ్చాయి, అంతే.
పిక్కలు పట్టేసి వ్యానులో ఏడవడం తగ్గింది.
పోటీ ముందురాత్రి నిద్రపోతున్నారట,
టీలెన్ వాళ్ళమ్మ చెప్పింది.
(వాడు ఎప్పుడు నిద్రపోలేదు గనక.)

జనవరి. పోటీ.
బల్ల మీద బ్రీనా. ఎర్రదీపం.
జెండాలు ఒకదానికొకటి ఎదురు చెప్పుకుంటున్నాయి.
ఒక నిమిషం. రెండు.
అంత చలిలో, అంత ఎత్తులో
భుజాలు చెవుల దాకా ఎక్కలేదు,
వాటి చోట అవున్నాయి.
పచ్చదీపం. నేను జెండా దించాను.
ఆమె కదల్లేదు.
తర్వాత మెల్లగా పక్కకి జరిగి
స్కీలు భుజానేసుకుని
మెట్ల మీంచి దిగి వచ్చింది.

తిట్టడానికి నోరు తెరిచాను.
"భయం కాదు" అంది.
"భయమైతే ఇక్కడుంటుంది" అని గొంతు చూపించింది.
"ఇవాళ ఇక్కడ ఖాళీ.
ఎడమకాలే పొద్దున్నుంచీ నా మాట వినట్లేదు.
ఇంకోరోజు దూకుతా."

అలా అన్న పిల్ల నాకింతవరకూ తగల్లేదు.
నేనూ అనలేదు ఆ వయసులో,
మోకాలు ఎన్నిసార్లు చెప్పినా.
వీళ్ళకి ఆడటం నేర్పింది నేనే.
ఆగటం కూడా ఆటలోదేనని
నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి ఆమె పేరు పక్కన
సున్నా వెయ్యబోయి, వెయ్యలేదు.
మూడు వారాల తర్వాత దూకింది.
ఎనభై ఒకటిన్నర. ఏడో స్థానం.
అది రాశాను.

మంగళవారం పొద్దున ఆ గదిలోకి
పదమూడో చాప ఎవరు తెచ్చారని అడక్కండి.
వంగాను.
చెవి మీది పెన్సిల్ జారి
సరిగ్గా నా పాదాల ముందు పడింది.
గాష్పర్ నవ్వాడు.
నాలుగు లోపలికి. ఆరు బయటికి.

ఇంకా అందలేదు.