నాలుగు చుక్కలు

టేబుల్ మీది గుడ్డ తీయంగనే
నాకు సగం ఇల్లు తెలిసిపోతది.
నాలుగు నల్ల చుక్కలు దగ్గర దగ్గర ఉంటే సెట్‌టాప్ బాక్సు,
ఎడంగ ఉంటే పాత స్పీకరు,
తెల్లగ పొగ పట్టినట్టు పలకంత మచ్చ ఉంటే
ల్యాప్‌టాప్ ముందట ఎవరో పరీక్షకు చదివిన ఎండకాలం.
ముప్పై ఏండ్ల సంది పాలీష్ పని.
పుస్తకాలు ఐదో తరగతి కాడనే ఇడిసిన,
టేబుళ్ళు మాత్రం చదువుత.

ఫాతిమానగర్ల జోజమ్మ ఇల్లు.
రైల్వే దవాఖానల నర్సు చేసి దిగిన మనిషి.
ఏటూరునాగారం టేకు, వాగు పారినట్టు ధార,
దాని మీద నాలుగు చుక్కలు.
"కొబ్బరినూనె పెట్టిన యాకయ్యా,
పేస్టు రుద్దిన, బూడిద రుద్దిన,
గాసునూనె గుడ్డతోని తుడిచిన,
తగ్గలే"
అని డాక్టరుకు కేసు అప్పజెప్పినట్టు చెప్పింది.

"అది మరక కాదమ్మా.
మరకైతే పైన కూసుంటది.
బాక్సు రాత్రీ పగలూ ఉడుకుతనే ఉంటది,
కింద రబ్బరు కాళ్ళు మెత్తబడి
వాటి జిడ్డు లక్క లోపటికి దిగుతది.
రెండూ కలిసినంక
ఏది రబ్బరో ఏది పాలీషో చెప్పుడు నాతోని కాదు."

"ప్లాస్టిక్ కవరు పరుస్తనే ఉంటి గద?"

"అది రబ్బరుకు సొంత తమ్ముడు.
మే నెల వస్తే అదీ అతుక్కుంటది."

నా సంచిల ఎప్పటికీ జంపఖానా ముక్కలుంటయి.
కొత్తవాడల సదానందం మగ్గం కాడ
కత్తిరింపులు కిలో లెక్క తెచ్చుకుంట.
నూలు బరువు మోస్తది, వేడి మోస్తది,
ఎవ్వరికీ అతుక్కోదు.

సాన్‌పేపరు మడిచి చుక్క మీద పెట్టిననో లేదో
చెయ్యి పట్టుకుంది జోజమ్మ.
"అవి తీయకు.
ఊడ్చే పిల్ల దినాం బాక్సు జరుపుతది.
జానెడు జరిగితే మంచం కాడికి రిమోటు అందదు.
ఆ చుక్కల మీద కాళ్ళు పెట్టే
నేను సరిజేసుకుంటున్న."

"మరి నన్నెందుకు పిలిచినవమ్మా?"

"ఐదోది పడొద్దని."

నవ్వొచ్చింది గని నవ్వలే.
నాలుగు ముక్కలు కోసిన, రెండు నీలం, రెండు ఎర్రచార,
చుక్కకొకటి పరిచి బాక్సును పైన నిలబెట్టిన.
రెండు వందలు ఇచ్చింది. చాయ్ ఇచ్చింది.
ఇచ్చేటప్పుడు గ్లాసు కింద సాసరు పెట్టింది,
మొన్నటిదాక పెట్టకపోయేదేమో.

వచ్చేటప్పుడు రేషన్ షాపు కాడ లైను.
మిషను మీద బొటనవేలు పెట్టిన. ఎర్ర లైటు.
"తుడిచి పెట్టు" అన్నడు డీలరు.
లుంగీకి తుడిచి పెట్టిన. ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఉంగరం వేలు.
ఎడమ చేతికి పోయినం, అదీ అంతే.
స్పిరిటు కొంత తిన్నది, సాన్‌పేపరు కొంత తిన్నది.
టేకుల దాగిన గీతలు పైకి తెచ్చుడు నా పని,
నా గీతలు ఎప్పుడు నునుపయినయో
నేను చూసుకోలే.

అలవాటు ఊకుండనియ్యది గద,
మిషను పక్కకు లేపి చూసిన.
యాప బల్ల మీద నాలుగు చుక్కలు,
ఇంకా లేతయి, ఈ ఏడాదివే.
నన్ను గుర్తు పట్టనిది
బల్లకు మాత్రం తన గుర్తు పెట్టుకుంటుంది.
సంచిల మిగిలిన ముక్క తీసి కిందికి తోసిన.
"ఏం చేస్తున్నవే?" అన్నడు డీలరు.
"ఏం లేదు, బల్ల పాడయితది" అన్న.

రేపు సారక్కను పంపుత.
బియ్యం ఆమె వేలుకు ఇస్తరు.
బీడీలు చుట్టే వేలు,
అది గూడ ఈ మధ్య
మూడోసారికి గని పడుతలేదు.