తాకిందా?

టీవీల అర్ధరాత్రి, ఇంకేదో దేశపు పచ్చిక.
బంతి బ్యాటు అంచును గీసుకుంట పోయింది.
తెర మీది గీతల చిన్న ముల్లు లేచింది,
చెవికి అందని చప్పుడుకు మిషను సాక్ష్యం.
అయినా వాడు కదలలే.
గ్లవ్సు పట్టీలు విప్పుకుంట, పెట్టుకుంట
పిచ్చు మీద ఏదో పోగొట్టుకున్నోని లెక్క నిలబడ్డడు.
నిలబడుడు ఆడేటోని హక్కు, తప్పు పట్టొద్దు
అంటున్నడు మాటలు చెప్పేటాయన.
నిజమే కావచ్చు.
"ఔటే గద నాయినా, మరెందుకు పోతలేడు?"
నిద్రపోయిందనుకున్న చిన్నది అడిగింది.
నేను రిమోటు కోసం దుప్పటి కింద దేవులాడిన.

మర్రిగూడ దాటినంక మా ఊరు.
బోరునీళ్లకు పండ్ల మీద గారలు కట్టిన పోరగాండ్లం.
ఊరంతటికి ప్యాడ్లు ఒక్క జత,
ఈ దిక్కు ఆడేటోనికి ఒకటి, ఆ దిక్కోనికి ఒకటి.
అంపైరు ఐతగోని పెరుమాండ్లు.
ముప్పై ఏండ్లు తాళ్లెక్కిన మనిషి.
ఆ నీళ్లే బొక్కలల్లకు దిగి
మోకు, ముత్తాదు దూలానికి వేలాడినంక
మాకు అంపైరయిండు.
నిలబడలేడు. యూరియా సంచి పరిచిన రాయి మీద కూసునేటోడు.
చెయ్యి భుజం దాక లేస్తది, ఆపైన మొరాయిస్తది.
వేలు కొడవలి లెక్క వంగి
ఔటిచ్చిన ప్రతిసారి
ఎదుటోని దిక్కు కాదు, ఆయన దిక్కే చూసేది.

గందుకే మా ఊర్ల ఒక పద్ధతి పడ్డది.
ఎవలు పెట్టిండ్రో తెల్వదు.
కీపరు అరిస్తే పెరుమాండ్లు మెల్లగ అడుగుతడు,
"తాకిందా బిడ్డా?"
తాకితే నువ్వే బ్యాటు చంకల పెట్టుకొని నడుస్తవు,
ఆయనకు చెయ్యి లేపే పని పడకుండ.
నల్లగొండ నుంచి వచ్చిన కాలేజి టీము
మొదట్ల నవ్వింది.
నాలుగో ఓవరుకు వాళ్లు గూడ నడిచిండ్రు.

చండూరోళ్లతోని ఫైనలు.
పత్తికట్టె పీకేసిన చెల్క, కాలు పెడితే దుబ్బ.
ఆఖరి ఓవరు, తొమ్మిది పరుగులు, ఆఖరి జోడి.
రెండో బంతి తాకింది.
చేతులకు తెలుస్తది గద,
చీమ కుట్టినంత, అరచేతి నుంచి మోచేతి దాక.
వాళ్ల కీపరు గౌసు ఎగిరిండు, అరిచిండు,
నా మొఖం చూసి సగంల ఆగిండు.
"తాకిందా బిడ్డా?"
"లే తాతా. కుడికాలి ప్యాడుకు తాకింది."

ప్యాడు నా ఎడమకాలుకు ఉన్నది.

పెరుమాండ్లు నా కాళ్ల దిక్కు చూసిండు.
శానసేపేం చూడలే.
"సరే, ఆడు" అన్నడు.

ఐదో బంతికి గెలిచినం.
స్టీలు కప్పు, దాని మీద సర్పంచి పేరు,
డప్పులు, గులాలు, ట్రాలీ ఎక్కి ఊరంత తిరుగుడు.
గౌసు అందరితోని చేతులు కలిపిండు.
నా దగ్గరికి వచ్చేసరికి గ్లవ్సు తియ్యలే.
ఆ కప్పుల ఇప్పుడు మా అమ్మ ఉప్పు పోస్తది.

ఆ తర్వాత ఇంకో మూడేండ్లు ఆడిన.
పెరుమాండ్లు అందరినీ అడిగేటోడు.
నిన్నగాక మొన్న బ్యాటు పట్టిన పిల్లగాండ్లను గూడ.
వాళ్లేం చెప్తే అదే తీర్పు.
నన్ను అడగలే.
ఒక్కసారి గూడ అడగలే.
నా బంతి కీపరు చేతుల పడితే చాలు,
కుడి మోచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి
బరువు లేపినట్టు లేపి, పండ్లు బిగబట్టి
ఆ వంకర వేలు చూపెట్టేటోడు.

నేను అప్పటికే నడుస్తుంటి.
అయినా లేపేటోడు.