అద్దెకిచ్చిన పేరు

పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్ళాలంటే
ఒడిశాలో బస్సెక్కి, ఆంధ్రాలో టీ తాగి,
మళ్ళీ ఒడిశాలో దిగాలి.
ఇచ్ఛాపురం దాటేక కండక్టరు భాష మార్చేడు,
నోటు మాత్రం మార్చలేదు.

ఐదేళ్ళలో రెండుసార్లు క్లాసులో కూర్చోవాలట.
కూర్చోకపోతే రెన్యువల్ లేదు.
రెన్యువల్ లేకపోతే
సుందర్రావు మందుల కొట్లో
గాజు పలక వెనకున్న నేను చెల్లను.

డీఫార్మసీ పాసైన ఏడు
ఉద్యోగం అడగడానికే వెళ్ళేను ఆ కొట్టుకి.
"మీరెందుకమ్మా నిలబడ్డం, కాగితం చాలు" అన్నాడు.
మర్యాదే అనుకున్నాను.
అప్పట్నుంచీ ఈ నేను కాన్వెంటులో సైన్సు చెబుతోంది,
ఆ నేను గోడ మీద నెలకి నాలుగు వేలు తెస్తోంది.
దానికి పొద్దున్నే అగరొత్తి, శుక్రవారం కుంకం బొట్టు.
లక్ష్మీదేవి పటం పక్కనే.
ఇద్దరమూ మందివ్వం, చూస్తూ ఉంటాం.

హాజరు పిలిచేరు: "శోశిరేఖా పోట్నురు."
ఒడియా నోట్లో గుండ్రంగా తిరిగొచ్చిన పేరు,
ఎవరో అనుకుని చుట్టూ చూసేను.
పక్క కుర్చీలో రాయగడ పెద్దాయన.
మనిషి అక్కడ, కాగితం గుణుపురంలోనట.
"మీదెక్కడుంది?" అనడిగేడు,
పిల్లలెక్కడ చదువుతున్నారు అన్నంత మామూలుగా.

దాల్మా తిన్నాక కళ్ళు మూతలు పడే వేళ
పాఠం చెప్పే మేడమ్ బల్ల మీద రెండు సీసాలు పెట్టింది.
ఒకే గులాబీ రంగు, ఒకే మూత, ఒకే జ్వరం మందు.
ఇది సిరప్. ఇది చుక్కలు.
చుక్కల మందు చెంచాతో పోస్తే
పసిబిడ్డ కడుపులోకి నాలుగు రెట్లు.
"తల్లికి ఎవరు చెప్పాలి?" అంది.
నలభై మందిమి. ఫ్యాను చప్పుడు.
నోట్సులో రాసుకున్నాను, తల్లికి చెప్పాలి అని.
కింద గీత కూడా గీసేను,
ఇంకెవరి పనో గుర్తుపెట్టుకుంటున్నట్టు.

మర్నాడు, ముద్రేసిన కాగితంతో
తిన్నగా కొట్టుకే వెళ్ళేను.
సుందర్రావు లేడు. ఇసాకు గొమాంగో ఉన్నాడు,
ఎనిమిది తప్పి, ఆరేళ్ళై కౌంటర్లో నిలబడ్డ కుర్రాడు.
సెరంగో కొండ దిగొచ్చిన సవర తల్లి ఎదురుగా,
వీపున గుడ్డ, గుడ్డలో కాలిపోతున్న పిల్ల.
ఇసాకు సీసా తీసేడు. గులాబీదే.
మెడకి ఎర్రదారం కట్టి ఉంది.
నేను నోరు తెరిచేలోగా
డ్రాపర్ ఆమె వేళ్ళ మధ్య పెట్టి,
గ్లాసులో నీళ్ళు పీల్పించి, గీత చూపించి,
ఆమె చేత మూడుసార్లు చేయించి
అప్పుడు డబ్బులు తీసుకున్నాడు.

దారం కట్టమని ఎవరు నేర్పేరురా?
"ఎవరూ నేర్పలేదమ్మా.
ఒక పాలి చెంచాతో పోసీసినారు."
తర్వాత?
చిల్లర డబ్బా సర్దుతున్నాడు.
ఏ ఏడు?
చెప్పేడు.
గోడకేసి చూసేను.
బొట్టు కారి, పేరులో సగం ఎర్రగా ఉంది.
ఆ ఏడూ నేనే.

చీకటి పడ్డాక సుందర్రావు వచ్చి
కొత్త కాగితం చూసి సంబరపడి
నాలుగు వేలూ లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టేడు.
తీసుకోలేదని రాయాలని ఉంది.
తీసుకున్నాను.

తీసుకుని, ఖాళీ అట్టపెట్టె ఒకటి తిరగేసి
ఇసాకు పక్కన కూర్చున్నాను.
సవరలో చుక్కని ఏమంటారని అడిగేను.
చెప్పేడు. నా నాలుక తిరగలేదు.
"అది కాదమ్మా" అన్నాడు,
షట్టరు సగం దించుతూ.
"మళ్ళీ అను."