పసరు

పలమనేరు దాటినాక ఎడమచేతి పక్క
కానుగచెట్టుకు కట్టిన ఫ్లెక్సీ:
మీ చేత్తో మీరే కోసుకోండి.
మనిషికి రెండొందలు. బుట్ట నిండితే మీ అదృష్టం.
తోటలో తిన్నదానికి లెక్క లేదు.

మా సహకార బ్యాంకు వాళ్లం పదకొండు మందిమి,
అద్దె టెంపో, రెండు గొడుగులు,
క్యాషియర్ హరగోపాల్ గారి సెల్ఫీ కర్ర.
మొగిలి ఘాటులోనే పిల్లలకు వాంతులు మొదలు.

దొరసామి నాయుడి కోడలు టికెట్లు చింపి ఇస్తూ
ఉన్నదున్నట్టే చెప్పింది:
"పోయినేడు బాక్సు నలభైకి అడిగినారు సార్ మార్కెట్లో.
బండి బాడుగ కూడా రాలేదు.
రోడ్డు మీదే కుమ్మరించి వచ్చినాం.
ఇప్పుడు మీరే కోసుకుంటారు, మాకే డబ్బులిస్తారు.
దేవుడు బుద్ధి మార్చినాడు,
మాదో మీదో తెలీదు."

బీన్స్ సాళ్లు, కాకర పందిరి, మూలన నాలుగు జామచెట్లు,
నడుమంతా కట్టెలకు పురికొసతో ఎత్తి కట్టిన టమోటా.
మేనేజరు గారు ఒక్క కాయను పట్టి గుంజితే
కొమ్మ కొమ్మంతా చేతికొచ్చింది.
వీపు వెనక దాచుకుని అటూ ఇటూ చూశారు,
ఆడిట్‌లో దొరికినట్టు.

నేను కోయాలనుకోలేదు.
ఒక ఫోటో దిగి గట్టు మీద కూచోవాలని.
చేతికి ఎవరు చెప్పారో,
బొటనవేలు తొడిమ కణుపు మీదికి పోయింది,
మణికట్టు అర తిప్పు తిరిగింది.
టక్.
ఇంకోటి. టక్.
కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు.
చూపు బుట్టలో లేదు, రాబోయే కాయ మీద ఉంది.
ఆకు చాటున దోరకాయ
తనంతట తాను పలికినట్టు దొరుకుతోంది.
నడుము ఎప్పుడు వంగిందో,
చీర కుచ్చిళ్లు ఎప్పుడు ఎగదోపుకున్నానో.

ఎనిమిదో తరగతి సెలవులు: బాక్సుకు ఆరు రూపాయలు.
తొమ్మిదో తరగతి: ఏడున్నర.
పదో తరగతి సెలవుల్లో నాన్న వద్దన్నాడు,
వద్దని రెండో రోజు సైకిలెక్కించి తనే దింపి పోయాడు.
బ్యాంకులో అడిగితే మాది వ్యవసాయం అంటాను.
ఎవరి చేలో అన్నది ఎవరూ అడగరు.

చెంగమ్మ తోట కాసే మనిషి.
మేం తొక్కిన చెట్లను లేపి కడుతూ వెనకే వస్తోంది.
"మేడం, అట్ల లాగొద్దు.
మేడం, ఇది రేపటి కాయ.
మేడం, పిల్లోడిని చూసుకో."
నా సాలు కాడికొచ్చి నిలబడింది.
చాలాసేపు నా చేతులనే చూసింది.
మేడంలోంచి డం రాలిపోయింది.
"బాక్సుకెంతిచ్చేవాళ్లు మే, నీ కాలంలో?"

హరగోపాల్ గారు రెండు సాళ్ల అవతల ఉన్నారు.
"ఆరు" అన్నాను, పెదవులతో.
"మాకు నాలుగే" అంది చెంగమ్మ,
ఇంగేం అడగలేదు.
ఒక పచ్చికాయ తుంచి నా బుట్టలో పైన పెట్టి
పందిరి దిక్కు పోయింది.

అందరివీ తలా మూడు కిలోలు.
నాది పద్నాలుగు.
"సుగుణ గారు రెండొందలూ రాబట్టేశారు"
టెంపో అంతా నవ్వులు, నేనూ నవ్వాను.
నా వేళ్లు మాత్రం చీరకొంగు కింద పెట్టుకున్నాను,
పసరు పట్టి నల్లపచ్చగా.

సబ్బుకు పోదని నాకు తెలుసు.
పచ్చికాయ కోసి రుద్దితేనే పోతుంది,
అందుకే ఇచ్చిందని కూడా తెలుసు.
గ్రీమ్స్‌పేట ఇంట్లో, రాత్రి తొమ్మిదింటికి,
సింకు దగ్గర కత్తి పట్టుకుని నిలబడ్డాను.
ఏమనిపించిందో,
ఆ కాయను కందిపప్పులో వేసేశాను.
పులుపు చాలిందన్నారు ఇంట్లో.

సోమవారం, మూడో నంబరు కౌంటరు.
పింఛను తీసుకోవడానికొచ్చిన ముసలామెకు
ఇంకు ప్యాడు ముందుకు జరిపాను.
ఆమె ప్యాడును చూడలేదు,
నా బొటనవేలిని చూసింది.
"నువ్వూ వేలిముద్రేనా మే?"